స్త్రీల కలము, స్త్రీల సభ: ఐర్లండు మొదలుకొని దేవరకొండ వఱకు

1931వ సంవత్సరమున నల్లగొండ జిల్లాలోని దేవరకొండయందు నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ రెండవ సమావేశము జరిగెను. బూర్గుల రామకృష్ణారావుగారు దానికి అధ్యక్షులు. ఆ సమయముననే, ఆ యూరనే, స్త్రీలు తమకై వేఱుగా ఆంధ్ర మహిళాసభను జరుపుకొనిరి. దానికి టి. వరలక్ష్మమ్మగారు అధ్యక్షత వహించిరి. రామకృష్ణారావుగారు 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. వారి జీవితమును, వారి కార్యములను తెలిసికొనగోరువారికి గ్రంథములకు కొదువలేదు. వరలక్ష్మమ్మగారి పేరో, మహాసభల చరిత్ర వ్రాసినవారు చేర్చిన పట్టికలో నొక్క పంక్తిగా కనబడుచుండును. ఊరొకటి, ఏడొకటి, అధ్యక్షులు ఇద్దరు. ఒకరి మాటలు తరువాతి తరములకు చేరినవి. మఱొకరి పేరు మాత్రము చేరినది.

ఈ భేదము ఏల కలిగినదో విచారించుటయే యీ వ్యాసముయొక్క పని. స్త్రీలు మాటాడలేదా యన్నచో, మాటాడిరి. వినువారు లేరా యన్నచో, ఉండిరి. సభలో ఎవరు మాటాడిరనునది యొక సంగతి. ఆ మాటను ఎవరు వ్రాసికొనిరి, ఎవరు అచ్చువేసిరి, ఎవరు దాచిరి యనునది వేఱొక సంగతి. చరిత్రలో నిలుచుటకు మొదటిది చాలదు, రెండవదియు కావలెను. ఈ సత్యమును మిక్కిలి కష్టపడి నేర్చుకొన్న స్త్రీలు ఐర్లండు దేశమున నుండిరి. కావున మొదట వారి కథను చెప్పి, పిమ్మట మన యెఱ్ఱనేలల సీమకు వత్తుము.

ఐర్లండు ఇంగ్లండునకు పడమట నున్న ద్వీపము. అది శతాబ్దములపాటు ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. అచటి పల్లెలలో భూమి కొందరు భూస్వాములది; దున్నువారు కౌలుదారులు. శిస్తు చెల్లింపలేని కౌలుదారుని ఇంటినుండి వెళ్లగొట్టుట భూస్వామికి హక్కు. ఆ దేశపు స్వంత భాషయైన గేలిక్కు కచేరీలలోను బడులలోను చోటులేక క్షీణించుచుండెను. దేశముఖుల నాటి వెట్టిని, తెలుగు పిల్లలు ఉరుదూలో చదువుకొన్న దినములను తాతలవలన విన్న మన విద్యార్థులకు ఈ స్థితి క్రొత్తగా తోపదు.

1879లో ఐరిషు రైతులు భూమి సంఘము నొకదానిని స్థాపించుకొనిరి. చార్లెస్ స్టూవర్టు పార్నెల్ దాని నాయకుడు. నాయకులు చెఱసాలపాలగుదురను భయము కలుగగా, 1881వ సంవత్సరము జనవరిలో ఆయన చెల్లెలు అన్నా పార్నెల్ ముఖ్యురాలుగా స్త్రీల భూమి సంఘము ఏర్పడెను. అనుకొన్నట్లే ఆ యేడు అక్టోబరులో పురుష నాయకులు బంధింపబడిరి. అంతట పనియంతయు స్త్రీలమీద పడెను. వారు ఊరూర తిరిగి, ఏ భూస్వామి యెంత శిస్తు అడుగుచున్నాడు, ఏ కాపురము వీధిపాలైనది, ఎవరికి సాయము కావలెను అను వివరములను పుస్తకములలో వ్రాసి పెట్టిరి. ఇండ్లు కోల్పోయినవారికి గుడిసెలు వేయించిరి. ‘యునైటెడ్ ఐర్లండు’ అను సంఘ పత్రికవారు చెఱలోనుండగా ఆ పత్రిక నిలిచిపోకుండ కాపాడినవారును స్త్రీలే.

కాని 1882లో నాయకులు ప్రభుత్వముతో నొడంబడిక చేసికొని విడుదలయైరి. పిమ్మట స్త్రీల సంఘమునకు ధనము రానీయక దానిని మాన్పించిరి. అన్నా పార్నెల్ మరల తన యన్నతో మాటాడలేదు. 1904లో మైకేల్ డావిట్ అను నాయకుడు ఆ యుద్యమ చరిత్రను ప్రకటించెను. స్త్రీల పనిని గూర్చి అందున్నది సరికాదని తలచి అన్నా 1907లో స్వంతముగా నొక చరిత్రను వ్రాసెను. దానిని అచ్చువేయువారు దొరకలేదు. 1911లో ఆమె మరణించెను. ఆ వ్రాతప్రతి పుస్తకరూపము దాల్చినది 1986లో! అనగా వ్రాసిన డెబ్బది తొమ్మిదేండ్లకు. ఈ సంవత్సరమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మనకు మరల పని కలదు.

తరువాతి తరమువారు ఈ యనుభవమునుండి గుణపాఠము నేర్చిరనవచ్చును. తమ పత్రిక తమచేతిలో నుండవలెనని వారు నిశ్చయించుకొనిరి. 1896లో బెల్‌ఫాస్టు నగరమున ఆలిస్ మిల్లిగన్, అన్నా జాన్‌స్టన్ అను ఇద్దరు కవయిత్రులు ‘షాన్ వాన్ వాక్ట్’ అను మాసపత్రికను ప్రారంభించిరి. ఆ పేరునకు ‘పేద ముసలమ్మ’ యని యర్థము. ఐర్లండు దేశమునకే యది ముద్దుపేరు. అన్నా జాన్‌స్టన్ ‘ఎత్నా కార్బరీ’ యను కలము పేరుతో పద్యములు వ్రాసెడిది. సంపాదకత్వము, లెక్కలు, చందాదారులకు ఉత్తరములు మొదలగు భారమంతయు ఆ యిద్దరే మోసిరి. 1899లో పత్రికను ఆపవలసివచ్చినపుడు తమ చందాదారుల పట్టికను ఆర్థర్ గ్రిఫిత్ అను దేశభక్తుని క్రొత్త పత్రికకు అప్పగించిరి. అట్లు స్త్రీలు కూడబెట్టిన పాఠకులు పురుషుల పత్రికకు పునాదియైరి.

1900లో మాడ్ గాన్ అను నామె ‘ఐర్లండు కుమార్తెలు’ అను సంఘమును స్థాపించెను. 1908 మొదలు 1911 వఱకు ఆ సంఘమువారు ‘బాన్ నా హేరన్’ అనగా ‘ఐర్లండు స్త్రీ’ యను పత్రికను నడపిరి. హెలెనా మలోనీ దానికి సంపాదకురాలు. అందు కాన్‌స్టన్స్ మార్కివిక్స్ అను నామె తోటపనిని గూర్చి వ్రాసెడిది. మొక్కలను తిను పురుగులను ఏరివేయు విధము చెప్పుచు, నడుమ దేశమును తినువారిని గూర్చి చురుకుగా నొకమాట విసరెడిది. ఇంటి సంగతులు, రాజ్యపు సంగతులు ఒకే పుటలో కలిసి నడచినవి. ఆ మార్కివిక్సే 1918లో బ్రిటిషు పార్లమెంటునకు ఎన్నికైన మొదటి స్త్రీ. తన దేశము పరాధీనముగా నుండుటచే ఆమె యందు కూర్చుండలేదు. 1916లో డబ్లిన్ నగరమున ప్రకటింపబడిన స్వాతంత్ర్య ఘోషణ ఐరిషు పురుషులను, ఐరిషు స్త్రీలను ఇరువురను పేర్కొని సంబోధించెను. 1922లో ఐరిషు స్వతంత్ర రాజ్యమందు స్త్రీపురుషులకు సమానముగా వోటు లభించెను. ఇది స్త్రీలు తమ పత్రికలలో ఏండ్లకొలది వాదించిన దానికి ఫలమని చెప్పుట తప్పుగాదు.

ఐర్లండునకు మన తెలుగు దేశమునకు వంతెనగా నిలిచిన స్త్రీ యొకతె కలదు. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. 1878లో ఐర్లండులో జన్మించి, 1908లో అచట స్త్రీల వోటుహక్కు సంఘమును స్థాపించిన వారిలో నొకతెయై, ఆ పనికై చెఱసాల చూచి, 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో నీదేశమునకు వచ్చెను. వారు కొన్నియేండ్లు మదనపల్లెలోని దివ్యజ్ఞాన సమాజపు కళాశాలలో పని చేసిరి. 1919లో రవీంద్రనాథ ఠాగూరుగారు మదనపల్లెకు వచ్చినపుడు ‘జనగణమన’ గీతమునకు స్వరలిపి కూర్చుటలో తోడ్పడినది ఈమెయే. 1917లో మద్రాసులో స్థాపింపబడిన భారత మహిళా సంఘమునకు అనీబిసెంటమ్మగారు అధ్యక్షురాలు. స్థాపకులలో కజిన్స్ ముఖ్యురాలు. ఆ యేడు డిసెంబరులో భారతమంత్రియైన మాంటేగు మద్రాసునకు రాగా, స్త్రీలకును వోటు కావలెనని కోరుటకు ఒక స్త్రీ బృందము ఆయనను దర్శించెను. ఏర్పాట్లు చేసినది కజిన్స్. బృందమునకు నాయకత్వము వహించినది హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడుగారు. ఐర్లండులో నేర్చిన పాఠమును కజిన్స్ ఇచటను మఱవలేదు: సంఘము పుట్టిన మఱుసటి యేడే, అనగా 1918లో, ‘స్త్రీధర్మ’ యను పత్రికయు పుట్టెను.

అయితే స్త్రీల పత్రిక యన్నది తెలుగువారికి కజిన్స్ తెచ్చిన క్రొత్తవస్తువు కాదు. 1902లోనే సత్తిరాజు సీతారామయ్యగారు ‘హిందూసుందరి’ని నెలకొల్పి, మోసలికంటి రామాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మగార్లను సంపాదకులుగా నియమించిరి. 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు ‘సావిత్రి’ పత్రికను నడప మొదలిడిరి. ‘హిందూసుందరి’లో కథలు వ్రాసినవారిలో బండారు అచ్చమాంబగారు (1874–1905) మన సీమతో సంబంధము గలవారు. మునగాల సంస్థానపు దివానుగారి కుమార్తె. బాల్యములో కొంతకాలము నల్లగొండ జిల్లాలో గడపినది. ఆమె బడికి పోలేదు. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో చదువు నేర్చి, హిందీ మరాఠీలను గూడ సాధించి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను గ్రంథమున మన దేశపు స్త్రీల చరిత్రలను కూర్చెను. దాని మొదటి భాగము 1901 నాటిది. స్త్రీలు చదువునకు తగరని వాదించువారికి ఆమె కోపముతో సమాధానము చెప్పలేదు. చదివిన స్త్రీల పేళ్లను, పాలించిన స్త్రీల పేళ్లను వరుసగా వ్రాసి చూపెను. పేళ్లను భద్రపఱచుటయే వాదమగునని ఆమె యెఱుగును.

కనుపర్తి వరలక్ష్మమ్మగారు (1896–1978) మఱియొక మార్గము త్రొక్కిరి. 1919 మొదలు ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికలో ‘లీలావతి’ యను పేరుతో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ వ్రాసిరి. కె. ఎన్. కేసరిగారు 1928లో మద్రాసున స్థాపించిన ‘గృహలక్ష్మి’లో ‘శారద లేఖలు’ ప్రకటించిరి. శారద యను నామె తన స్నేహితురాలికి వ్రాయు జాబుల రూపమున అవి నడచును. బాల్యవివాహ నిషేధ శాసనమేమి, ఖద్దరేమి, స్త్రీల సభలేమి, దేశమున జరుగుచున్నదంతయు ఆ జాబులలో వంటింటి మాటవలె సులువుగా వచ్చును. వార్తాపత్రికలను చదువని గృహిణికి రాజ్యపు సంగతులు చేరవేయుటకు ఇంతకన్న చక్కని యుపాయము లేదు. మార్కివిక్స్ తోటపనిలో దేశసేవను దాచినట్లే, వరలక్ష్మమ్మగారు స్నేహితురాలి యుత్తరములో దానిని దాచిరి.

ఇప్పుడు కృష్ణానదిని దాటి నిజాం రాజ్యమునకు రావలెను. పైన చెప్పిన పేరుపొందిన తెలుగు స్త్రీల పత్రికలన్నియు బ్రిటిషు పాలనలోని తెలుగుజిల్లాలలోను, మద్రాసులోను పుట్టినవే. నిజాం రాష్ట్రమున తెలుగు అచ్చుపనియే దుర్లభము. కచేరీ భాష ఉరుదూ. ఉన్నత విద్య ఉరుదూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమందు బోధన ఉరుదూలోనే. 1921 నవంబరులో హైదరాబాదున మహర్షి కార్వేగారి అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. మఱుసటి యేడు, 1922లో, నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు ‘నీలగిరి’ పత్రికను వెలువరించిరి. 1926లో పాలమూరు సీమలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులో ‘గోలకొండ’ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, 1934లో ఆయన 354 మంది కవులను చేర్చి ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి సమాధానము చెప్పెను. అందు కవయిత్రులకును చోటు దొరకెను. పేళ్లను కూర్చి చూపుటయే ఉత్తరమను అచ్చమాంబగారి పద్ధతియే ఇచటను ఫలించెనని మేము తలంతుము.

సభ జరుపుకొనుటయు సులభము కాదు. బహిరంగ సభలకు సర్కారువారి యనుమతి ముందుగా పొందవలెనని 53వ సంఖ్య గస్తీ శాసించుచుండెను. అట్టి కాలమున 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ సురవరమువారి అధ్యక్షతను జరుగగా, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మొదటి మహిళాసభ జరిగెను. రెండవది మన దేవరకొండ సభ. 1934లో ఖమ్మమున ఎల్లాప్రగడ సీతాకుమారిగారు, 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మగారు, 1936లో నాటి మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరున బూర్గుల అనంతలక్ష్మీదేవిగారు, 1937లో నిజామాబాదున కథారచయిత్రి నందగిరి ఇందిరాదేవిగారు, 1941లో నాటి నల్లగొండ జిల్లాలోని చిలుకూరున రంగమ్మ ఓబుల్ రెడ్డిగారు అధ్యక్షత వహించిరి. నేడు షాద్‌నగరు రంగారెడ్డి జిల్లాలోను, చిలుకూరు సూర్యాపేట జిల్లాలోను చేరియున్నవి. కాని ఆ సభలు జరిగిన నాడు అవి మన రెండు జిల్లాలవే.

ఈ సభలలో స్త్రీలు చర్చించిన విషయములు ఇంటిగడపను, రాజ్యపు గడపను ఒకేసారి తాకునవి: బాలికలకు చదువు, బాల్యవివాహముల నిషేధము, ఘోషాపద్ధతి. ఘోషాలోనుండి వచ్చి, నలుగురియెదుట వేదికపై నిలిచి, తెలుగున మాటాడుట యన్నది ఆ దినములలో నెంతటి సాహసమో నేటి బాలికలు ఊహింపవలెను. తెలుగున మాటాడిన పురుషునికే గేలి తప్పనిచోట, తెలుగున మాటాడు స్త్రీకి రెండింతల ధైర్యము కావలసియుండెను.

ఈ ధైర్యమునకు చదువు తోడయ్యెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారి కృషిచే హైదరాబాదులో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల ఏర్పడెను. తెలుగున బోధించు ఆ పాఠశాలకు రాష్ట్రమందలి విశ్వవిద్యాలయపు గుర్తింపు లభింపక, పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొనవలసివచ్చెను. ఎవరి అధ్యక్షతను జరిగిన సభలో తెలుగు గేలిచేయబడెనో, ఆ మహనీయుని విశ్వవిద్యాలయమే తెలుగు బాలికలకు ఆశ్రయమిచ్చుట విశేషము. మన జిల్లాలలో మిషను పాఠశాలలును అనేక బాలికల చేతికి మొదటిసారి పలక నిచ్చినవి. బైబిలు స్త్రీలు ఇంటింటికి నడచి, అక్షరము నెఱుగని స్త్రీలకు వాక్యము చదివి వినిపించిరి. వారి సేవను గూర్చి మిషను దొరసానులు తమ దేశపు పత్రికలకు ఉత్తరములు వ్రాసిరి. అవి విలువగలవే, కాని అవి దొరసానుల మాటలు, వారి భాషలో వ్రాసినవి. ఎండలో నడచిన బైబిలు స్త్రీ తన తెలుగులో తన దినచర్యను తానే వ్రాసి అచ్చువేయించినచో, అది మఱియొక విధముగా నుండెడిది.

ఇచట మొదటి ప్రశ్నకు ఉత్తరము దొరకుచున్నది. ఐరిషు స్త్రీలకు సభయు, పత్రికయు రెండును ఉండెను. మద్రాసు, గోదావరి, కృష్ణా తీరముల తెలుగు స్త్రీలకు పత్రికలు దొరకెను. మన పీఠభూమి స్త్రీలకు సభ మాత్రమే దొరకెను. వారి సభావార్తలు పురుషుల పత్రికలలో చోటు దొరకినంతవఱకే నిలిచినవి. ఆ పత్రికలవారు ఉదారులు, స్త్రీవిద్యకు మిత్రులు. అయినను రెండు పుటల స్థలములో మహాసభ తీర్మానములు, సర్కారు ఉత్తరువులు, వర్తకుల ప్రకటనలు నిండిన పిమ్మట మిగిలినదే స్త్రీల పాలు. పరుల చూరుక్రింద నిలిచినవారికి వాన తగ్గువఱకే చోటు. ఇల్లు తనదైనపుడు గదా సామాను దాచుకొనుట!

1940 తరువాత మన జిల్లాలలో కాలము తీవ్రమయ్యెను. వెట్టికిని, దేశముఖుల దౌర్జన్యమునకును ఎదురుగా రైతులు తిరుగబడిరి. నాటి నల్లగొండ జిల్లాలోనిదైన పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన సాగుభూమికై విసునూరు దేశముఖుతో పోరాడెను. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యము మొదలగువారు ఊరూర తిరిగి స్త్రీలను కూడగట్టిరి. ఆ పోరాట మార్గమును గూర్చి పెద్దలలో నాడును నేడును భిన్నాభిప్రాయములు కలవు. వానిని తీర్చుట యీ వ్యాసమునకు పని కాదు. అప్పుడు కలము పట్టుటయు ప్రాణాపాయమే యయ్యెను. 1948 ఆగష్టులో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకులు షోయబుల్లాఖానుగారు తమ వ్రాతల కారణముననే హైదరాబాదు వీధిలో చంపబడిరి. మఱుసటి నెలలో హైదరాబాదు భారతదేశములో చేరెను. 1952లో కమలాదేవిగారు ఆలేరునుండి శాసనసభకు ఎన్నికైరి.

ఆ పోరాటమును గూర్చి నాయకులు గ్రంథములు వ్రాసికొనిరి. పాల్గొన్న స్త్రీల మాటలు మాత్రము నాలుగు దశాబ్దములు వారి నోళ్లయందే యుండిపోయినవి. తుదకు స్త్రీశక్తి సంఘటన యను సంఘమువారు ఆ వృద్ధ స్త్రీలను వెదకి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, ‘మనకు తెలియని మన చరిత్ర’ యను పేర ప్రకటించిరి. అది వెలువడిన సంవత్సరము 1986. అన్నా పార్నెల్ వ్రాతప్రతి ఐర్లండులో అచ్చయినదియు ఆ సంవత్సరముననే! రెండు దేశములు, రెండు రైతు పోరాటములు. రెంటిలోను పురుషుల చరిత్ర ముందు వచ్చినది, స్త్రీల చరిత్ర ఒకే యేట ఆలస్యముగా వెలుగు చూచినది. స్వరాజ్యముగారు చెప్పగా ఇతరులు వ్రాసిన ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చెను; ఆమె 2022లో కన్ను మూసిరి. మూడేండ్లు ఆలస్యమైనచో ఆ మాట వినుటకు మనకు వీలుండెడిది కాదు.

మన విద్యార్థులకు నిర్గమకాండము తెలిసినదే. సముద్రము దాటిన పిమ్మట మోషే పాడిన కీర్తన యందు పెక్కు వచనములుగా వ్రాయబడియున్నది. తంబుర చేతబట్టి స్త్రీలందరిని వెంటబెట్టుకొని పాడిన మిర్యాముయొక్క పాట ఒక్క వచనము మాత్రమే నిలిచినది. ఆ ఒక్క వచనమైనను వ్రాసినవారికి మనము కృతజ్ఞులము. అది లేనిచో ఆ దినమున స్త్రీలు గూడ పాడిరని మనకు తెలియకయే పోయెడిది. దేవరకొండ, షాద్‌నగరు, చిలుకూరు మహిళాసభలకు పట్టికలలో నిలిచిన ఒక్కొక్క పంక్తియు అట్టిదే. ఆ పంక్తిని తక్కువగా చూడరాదు, దానితో తృప్తిపడనురాదు.

కావున విద్యార్థినీ విద్యార్థులారా, మీ యిండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు కలరు. వెట్టి దినములను గూర్చి తమ తల్లుల నోట విన్నవారు, మొదటిసారి బడికి పోయిన బాలికలు, బైబిలు స్త్రీల మనుమరాండ్రు వారిలో నుందురు. సెలవు దినములలో వారిచెంత కూర్చుండి యడుగుడు. వారి పేరు, ఊరు, సంగతి జరిగిన సంవత్సరము మొదట వ్రాయుడు. పిమ్మట వారు చెప్పిన మాటను వారి యాసతోనే వ్రాయుడు. పాఠ్యపుస్తకపు భాషలోనికి దిద్దకుడు. వ్రాసినది వారికి చదివి వినిపించి, వారి యనుమతి పొందుడు. ఒక ప్రతిని ఇంట నుంచి, మఱియొక ప్రతిని పాఠశాల గ్రంథాలయమునకు ఇండు. తలిదండ్రులు ఈ పనికి ఒక సాయంకాలము విడిచినచో చాలును. ఉపాధ్యాయులు దానిని కూర్పు వ్రాతగా నంగీకరించినచో మఱియు మేలు.

ఆలిస్ మిల్లిగన్ బెల్‌ఫాస్టులో పత్రిక తెఱచినపుడు ఆమెకు ధనబలము లేదు. ఒక స్నేహితురాలు, ఒక చందాదారుల పట్టిక మాత్రమే యుండెను. మనకు ఈ వార్షిక సంచిక యున్నది. దేవరకొండ స్త్రీలకు నాడు దొరకని పుటలు మన బాలికలకు నేడు దొరకినవి. వచ్చు సంచికలో నట్టి వ్రాతలు నాలుగైనను చేరవలెనని మా కోరిక.